చిల్లర బాకీ

కూర్చో, అన్నింది సిస్టరు మొదటిరోజే.
నిలబడి పెడితే ముసిలోళ్ళకి తరిమినట్టుంటాదంట.
ముప్పై ఒక్కేండ్లు
చిత్తూరు - పలమనేరు బస్సులో
నిలబడే బతికినోణ్ణి.
స్టూలు మీద కూర్చుంటే
మోకాళ్ళని ఏం చేసుకోవాల్నో తెలీలేదు.

పన్నెండూ ముక్కాలుకి అన్నం బండి వస్తాది.
చక్రమొకటి కీచుమంటాది.
ఆ చప్పుడుకే వార్డులో సగం తలకాయలు ఇటు తిరుగుతాయి.
ప్లేటు బల్ల మీద పెడతారు.
బల్ల మంచానికి మూరెడు దూరం.
మూరెడంటే ఎంత?
తుంటి విరిగిన మనిషికి మొగిలి ఘాటంత.
ఒకటిన్నరకి అదే బండి మళ్ళీ వచ్చి
మూత తియ్యని ప్లేట్లు ఎత్తుకుంటాది.
"తినలేదు" అని రాసుకుంటారు.
అబద్ధం కాదు.
"అందలేదు" అని రాసేదానికి గడి లేదు, అంతే.

ఆ మూరెడు జరపడమే మా పని.
డిగ్రీ చదివే సాదిక్
దిండ్ల కింద పళ్ళసెట్లు వెతకడంలో ఘనుడు.
మిషను కుట్టే గుణవతమ్మ
పెరుగు ప్యాకెట్టు పంటితో కొరకొద్దని మాకు చెప్పి
తాను పంటితోనే కొరుకుతాది.
మంగళవారం, శుక్రవారం నేను.

పదమూడో మంచం మొగిలమ్మ.
పుత్తూరు కట్టుకి పోదామంటే వినకుండా
ఈడికి తెచ్చినారని అలక.
చెంచా చూపిస్తే గోడ చూస్తాది.
నాకు ఓపిక తక్కువ, ముందే చెప్పాల.
బస్సులో నా నోట్లో ఉన్నింది ఒక్కటే మాట:
జరగండి, ముందుకు జరగండి.
ఆ మాట గొంతు దాకా వచ్చింది.
మింగినాను.
ఆ మంచం దగ్గర మొదట మింగింది నేనే.

మూడో శుక్రవారం నా మొగం పారజూసింది.
"నువ్వు కండకటరువి గదా?"
అవునమ్మా.
"బంగారుపాళెం సంతకి పోయేటప్పుడు
టికెట్టు ఎనక మూడు రూపాయలు రాసిస్తివి.
దిగేటప్పుడు ఇస్తానంటివి. యాడ?"

ఎన్ని టికెట్ల వెనక ఎంతెంత రాసినానో!
దిగే తొందరలో మరిచిపోతారులే అనే ఆశ
ఒకోసారి సంచిలో చిల్లర కంటే బరువుగా ఉన్నింది.
నిజంగా ఈమేనా? ఇంకో కండక్టరేమో.
అడగలేదు.
జేబులో రెండు రూపాయల బిళ్ళొకటి, రూపాయొకటి.
అరచేతిలో పెట్టినాను.
ఎంచుకునింది. రెండుసార్లు.
ముడేసుకుందామని కొంగు కోసం తడిమింది.
ఆసుపత్రి గౌనుకి కొంగెక్కడిది?
దిండు కింద దోపుకోని
నోరు తెరిచింది.

మెత్తగా పిసికిన పప్పన్నం.
గడ్డం రొంత కిందికి దించమనాల.
చెంచా ఆపాల.
గొంతులో ముడి పైకెక్కి
దిగేదాకా చూడాల.
నిండు లోడుతో ఘాటెక్కే బండి అది.
ఫస్టు గేరు. హారను కొట్టగూడదు.
దిగినాకే రెండో చెంచా.

"ఉప్పు లేదు."
లేదమ్మా, బీపీ అంట.
"ఊరిబిండన్నా తేగూడదా రొంత?"
డాక్టరు వద్దన్నాడు.
"డాక్టరు తింటాడా దీన్ని?"
దానికి నా దగ్గర జవాబు లేదు.
మూడో చెంచా. నాలుగు.
ఐదుకి దగ్గొచ్చింది, వీపు నిమిరినాను, నిదానించింది.
పక్క మంచాల ప్లేట్లు వెళ్ళిపోయినాయి.
బండి మా కాడికొచ్చి కీచుమని ఆగింది.
రొంత ఉండన్నా, అన్నాను తోసేవాడితో,
నా జన్మలో మొదటిసారి
బస్సు ఆపమని అడిగే మనిషిలాగ.

పదో చెంచాకి చెయ్యి అడ్డం పెట్టింది.
"స్టాపొచ్చింది. నిలుపు."
నిలిపినాను.

"తినెను", "తినలేదు".
రెండే గడులు కాగితంలో.
తిప్పి వెనక రాసినాను, పాత అలవాటు:
తొమ్మిది చెంచాలు, అరటిపండు సగం.
బాకీ మంగళవారం.